కంటి శుక్లానికీ గుండె జబ్బుకూ ఒకే ప్రోటీన్ కారణమవుతుందా? (ఆల్ఫా-బి క్రిస్టలిన్)

వేకువ | సోమవారం, రాత్రి 10:40

నమస్కారం. ఇక్కడ జీవశాస్త్రం చదువుకున్నవారు ఉన్నారని తెలిసి రాస్తున్నాను.

మా అన్నయ్యకు 44 ఏళ్లు. మెట్లెక్కుతుంటే తొడలు బరువెక్కుతున్నాయని మూడేళ్లుగా అంటున్నాడు. వయసు వల్లేమోనని మేమే సర్దిచెప్పుకున్నాం. పోయిన నెలలో నేల మీద కూర్చున్నవాడు లేవడానికి ముందు చేతులు నేలకు ఆనించాడు, తర్వాత మోకాళ్ల మీద, తర్వాత తొడల మీద ఆనించుకుంటూ తన ఒంటి మీద తానే ఎక్కుతున్నట్టుగా పైకి లేచాడు. అది కళ్లారా చూశాక ఇక ఆగలేకపోయాను. ఆసుపత్రిలో ఎకో తీస్తే గుండె గోడలు మందంగా ఉన్నాయని తేలింది. తొడ కండరం నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. జన్యు పరీక్షకు రక్తం కూడా తీసుకున్నారు.

నివేదికలు రాకముందే ఆ వైద్యురాలు ఒక ప్రశ్న అడిగారు: "మీ ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులోనే కంట్లో శుక్లాలు వచ్చాయా?" వచ్చాయి. నాన్నకు నలభై దాటకముందే రెండు కళ్లకూ ఆపరేషన్ అయింది. 51వ ఏట నిద్రలోనే గుండె ఆగి పోయారు. ఆ రెండింటినీ కలిపి చూడాలని అప్పట్లో ఎవరికీ తోచలేదు.

ఇప్పుడు నివేదిక చేతిలో ఉంది. సీఆర్‌వైఏబీ అనే జన్యువులో మార్పు ఉందట. అది తయారుచేసే ప్రోటీన్‌లో 120వ స్థానంలో ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సిన చోట గ్లైసిన్ ఉందని రాశారు. ప్రోటీన్ పేరు ఆల్ఫా-బి క్రిస్టలిన్. చాపెరోన్ ప్రోటీన్ అని కూడా ఉంది. ఒక్క అక్షరం మారితే కన్నూ కాలూ గుండే కలిసి ఎలా దెబ్బతింటాయి? తెలిసినవారు ఓపికగా చెప్పగలరా?

పరీక్షనాళిక | సోమవారం, రాత్రి 11:55

వేకువ గారూ, ఆరేళ్లుగా ఈ ప్రోటీన్ కుటుంబం మీదే పనిచేస్తున్నాను. వైద్యుణ్ని కాను కాబట్టి చికిత్స జోలికి వెళ్లను. ప్రోటీన్ గురించి నాకు తెలిసింది చెబుతాను.

అమైనో ఆమ్లాల గొలుసు తనకు తగిన ఆకారంలో ముడుచుకుంటేనే అది పనికొచ్చే ప్రోటీన్ అవుతుంది. నీళ్లంటే గిట్టని భాగాలు లోపల దాక్కుంటాయి, నీళ్లతో పొసిగేవి పైన ఉంటాయి. వేడి తగిలినా, వయసు మీద పడినా, రసాయన మార్పులు జరిగినా ఆ ముడత వదులవుతుంది. లోపల దాగినవి బయటపడగానే పక్క ప్రోటీన్‌లో అలాగే బయటపడిన భాగానికి అతుక్కుంటాయి. అలా ఒకదానికొకటి అంటుకుని గడ్డలు కడతాయి. అది జరగకుండా కాసే ప్రోటీన్లే చాపెరోన్లు.

ఇందులో రెండు తీరులున్నాయి. హెచ్‌ఎస్‌పీ70 లాంటివి కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువును ఖర్చుచేసి, చెదిరిన గొలుసుకు మళ్లీ సరిగా ముడుచుకునే వీలు కల్పిస్తాయి. ఆల్ఫా-బి క్రిస్టలిన్ అలా చేయలేదు. దానికి ఏటీపీ అక్కర్లేదు, మరమ్మతు చేతకాదు. చెదరబోతున్న ప్రోటీన్‌ను పట్టుకుని ఉంచుతుంది, అంతే. మరమ్మతు చేయగల మరో చాపెరోన్ వచ్చేదాకా జారనివ్వదు.

175 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్ ఇది. జన్యువు 11వ క్రోమోజోమ్ మీద ఉంది. చాలాకాలం దీన్ని కంటి కటకంలో ఉండే నిర్మాణ ప్రోటీన్‌గానే చూశారు, అందుకే ఆ పేరు. ఈగలకు వేడి తగిలినప్పుడు పుట్టే చిన్న ప్రోటీన్లకూ దీనికీ పోలిక ఉందని 1982లో ఇంగోలియా, క్రెయిగ్ గమనించారు. గుండెలోనూ కండరాల్లోనూ మెదడులోనూ ఇది ఉందని 1989 నాటికి తేలింది. 1992లో జోసెఫ్ హార్విట్జ్ కటకంలోని ఇతర ప్రోటీన్లను పరీక్షనాళికలో వేడిచేసి చూశారు. అవి గడ్డకట్టాయి. ఆల్ఫా క్రిస్టలిన్ కలిపితే ద్రవం తేటగానే నిలిచింది. దీని అసలు పని అప్పుడు బయటపడింది.

ఇలాంటి ప్రయోగమే నేనూ చేస్తుంటాను. చిన్న గాజు పాత్రలో ఆల్ఫా-లాక్టాల్బుమిన్ అనే ప్రోటీన్ ద్రావణం ఉంటుంది, చూడటానికి నీళ్లలాగే ఉంటుంది. దాని గంధక బంధాలను తెంచే రసాయనం రెండు చుక్కలు వేస్తాను. కాసేపు ఏ మార్పూ కనిపించదు. తర్వాత పలుచని మంచులాంటిది లేస్తుంది. గంట గడవకముందే పాలలా తెల్లబడుతుంది, దాని వెనక పెట్టిన కాగితం మీది అక్షరాలు చదవలేం. పక్కనే రెండో పాత్రలో అదే ద్రావణం, అదే రసాయనం, కాకపోతే కాస్త ఆల్ఫా-బి క్రిస్టలిన్ కూడా ఉంటుంది. ఆ పాత్ర గుండా అక్షరాలు మొదట్లో ఎలా కనబడ్డాయో అలాగే కనబడతాయి.

మీ అన్నయ్యగారిలో ఉన్న మార్పుతో తయారైన ప్రోటీన్‌ను అందులో వేస్తే ఏమవుతుందో 1999లోనే ప్రచురించారు. ద్రవం తేటగా ఉండకపోవడం అటుంచి, ఆ చాపెరోన్ అసలు లేని పాత్రకన్నా త్వరగా, మరింత చిక్కగా తెల్లబడుతుంది. కాపాడాల్సినదే చెడగొడుతోందన్నమాట.

తాత్పర్యం | మంగళవారం, ఉదయం 6:20

ముప్పై ఏళ్లు జీవశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ని. వేకువ, తల్లీ, మీ నాన్నగారి సంగతి చదివి మనసు బరువెక్కింది. కన్ను ఎందుకు దెబ్బతింటుందో నేను చెబుతాను.

కటకంలోని నార కణాలు ఎదిగే క్రమంలో తమ కేంద్రకాన్నీ తక్కిన కణాంగాలనూ వదిలేస్తాయి. వాటిలో ఏదున్నా కాంతి చెదురుతుంది మరి. చూపు కోసం కణం తన సామానంతా బయటపెట్టేస్తుంది! దాంతో కొత్త ప్రోటీన్ తయారుచేసుకునే దారి మూసుకుపోతుంది. పుట్టకముందు కటకం నడిమధ్యలో చేరిన ప్రోటీన్లే చివరి రోజు దాకా ఉంటాయి. 1950, 60 దశకాల్లో అణుపరీక్షల వల్ల గాలిలో పెరిగిన కార్బన్-14 ఆనవాళ్లను కటకంలో కొలిచి మనిషి పుట్టిన సంవత్సరాన్ని అంచనా వేయవచ్చని 2008లో డెన్మార్క్ శాస్త్రవేత్తలు చూపించారు. గ్రీన్లాండ్ సొరచేపల వయసును 2016లో లెక్కగట్టిందీ వాటి కటకాల నుంచే.

ఇక కటకం బరువులో దాదాపు మూడోవంతు ప్రోటీనే. అంత కిక్కిరిసిన చోట ఏ ఒక్కటి చెదిరినా పక్కదానికి అతుక్కోవడం ఖాయం. అక్కడ ఆల్ఫా-ఎ, ఆల్ఫా-బి అనే తోబుట్టువులు సుమారు మూడింటికి ఒకటి చొప్పున కలిసి కాపలా కాస్తాయి. చెదిరిన ప్రతి ప్రోటీన్‌నూ పట్టుకుంటూ పోతే ఆ కాపలాదారుల్లో ఖాళీగా మిగిలేవి తగ్గుతూ వస్తాయి. కొత్తవి రావు. కటకం మధ్యభాగంలో కరిగి ఉన్న ఆల్ఫా క్రిస్టలిన్ నలభై ఏళ్లు వచ్చేసరికి దాదాపు అడుగంటుతుందని పరిశోధనల్లో తేలింది. కటకం గట్టిపడి, దగ్గరి అక్షరాలు మసకబారేదీ ఆ వయసులోనే. మనవాళ్లు దానికి పెట్టిన పేరు చూడండి: చత్వారం. చత్వారింశత్ అంటే నలభై. పరీక్షనాళికలూ కొలతలూ లేని కాలంలో మన భాష ఆ వయసును పేరులోనే పట్టుకుంది. తరగతిలో ఈ మాట చెప్పిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరించేది.

సందేహి | మంగళవారం, మధ్యాహ్నం 1:15

ఒకటి అర్థం కాలేదు. ప్రతి జన్యువూ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది కదా. ఒకటి చెడినా రెండోది బాగానే ఉంటుంది. సగం కాపలాదారులు సవ్యంగా ఉన్నప్పుడు జబ్బు ఎందుకు రావాలి?

పరీక్షనాళిక | మంగళవారం, రాత్రి 9:30

సందేహి గారు అసలు కిటుకునే పట్టుకున్నారు.

ఈ ప్రోటీన్ ఒంటరిగా తిరగదు. మొదట రెండు అణువులు జతకడతాయి. ఆ జతలు చేరి ఇరవై, ముప్పై అణువుల గుంపులవుతాయి. ఆ గుంపులు కూడా స్థిరంగా ఉండవు, అణువులు ఒక గుంపులోంచి మరో గుంపులోకి మారుతూనే ఉంటాయి. అందువల్ల చెడ్డ అణువులు ఓ మూలన పడి ఉండవు, మంచివాటి గుంపుల్లోనే కలుస్తాయి. గుంపు ఆకారమే దెబ్బతింటుంది.

120వ స్థానంలోని ఆర్జినిన్‌కు ధనావేశం ఉంటుంది. జతలోని రెండో అణువులో 109వ స్థానంలో ఉన్న ఆస్పార్టిక్ ఆమ్లానికి ఋణావేశం. ఆ రెండూ ఒకదాన్నొకటి పట్టుకోవడం వల్లే జత కుదురుగా నిలుస్తుంది. గ్లైసిన్‌కు ఆవేశమే లేదు, ఆ పట్టు పోయింది. తర్వాత కొన్నేళ్లకు 109వ స్థానం మారిన రోగులు కూడా కనబడ్డారు, వాళ్లకూ ఇలాంటి కండర వ్యాధే. గొళ్లెం ఏ వైపు ఊడినా తలుపు నిలవదు.

ఇక గుండె, తొడ కండరాల సంగతి. కండర కణంలో డెస్మిన్ అనే ప్రోటీన్ దారాలుగా అల్లుకుని, కుంచించుకునే తంతువులను వరుస తప్పకుండా పట్టి ఉంచుతుంది. ప్రతి సంకోచంతోనూ ఆ దారాల మీద ఒత్తిడి పడుతుంది, వాటిని కనిపెట్టుకుని ఉండేది ఆల్ఫా-బి క్రిస్టలిన్. మార్పు చెందిన ప్రోటీన్ డెస్మిన్‌ను వదలకుండా దానితోపాటు తానూ గడ్డకడుతుంది. కండరం ముక్కను సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు కనబడే ముద్దలు అవే. ఒక ఫ్రెంచ్ కుటుంబంలో ఈ వ్యాధికి ఇదే మార్పు కారణమని 1998లో కనుగొన్నారు. వాళ్లలోనూ కండరాల బలహీనత, గుండె జబ్బు, శుక్లాలు మూడూ ఉన్నాయి. వేకువ గారి వైద్యురాలు కళ్ల గురించి ఎందుకు అడిగారో ఇప్పుడు తెలుస్తుంది.

ఈ జన్యువునూ, దాని పక్కనే ఉన్న మరో చిన్న చాపెరోన్ జన్యువునూ ఎలుకల్లో పూర్తిగా తొలగించి చూశారు. ఆ ఎలుకలు బతికాయి, కటకాలు తేటగానే ఉన్నాయి. వయసు పెరిగాక కండరాలు క్షీణించాయి. కాబట్టి మీ అన్నయ్యగారి జబ్బును ప్రోటీన్ కొరతగా చూస్తే పొరపాటు. తప్పుగా తయారైనది లోపల ఉండటమే హాని.

నదీతీరం | బుధవారం, ఉదయం 8:05

వేకువ గారూ, మా బంధువులు కొందరు గుండెకు మంచిదని యాంటీఆక్సిడెంట్ మాత్రలు వాడుతున్నారు. కణాల్లో ఆక్సీకరణ తగ్గితే ప్రోటీన్లు చెడవు కదా. మీ అన్నయ్యగారికి కూడా మొదలుపెట్టి చూడండి, పోయేదేముంది?

పరీక్షనాళిక | బుధవారం, ఉదయం 9:10

నదీతీరం గారూ, మీరు మంచి మనసుతో చెప్పారు. అయినా ఈ మాట ఇక్కడ ఇలాగే ఉండిపోకూడదు. మాత్రల విషయంలో "పోయేదేముంది" అనుకోలేం.

సరిగ్గా ఈ మార్పునే ఎలుకల గుండెలో పెట్టి పరిశీలించిన ఫలితాలు 2007లో వచ్చాయి. ఆ గుండెల్లో ఆక్సీకరణ ఎక్కువగా ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. కనబడింది దానికి వ్యతిరేకం. కణంలోని సహజ యాంటీఆక్సిడెంట్ అయిన గ్లూటాథియోన్ క్షయకరణం (ఆక్సీకరణకు వ్యతిరేక చర్య) చెందిన రూపంలో మోతాదు మించి పేరుకుంది. అది కూడా ఒత్తిడే. దాన్ని పెంచే ఎంజైముల్లో ఒకదాన్ని తగ్గించినప్పుడు ఆ ఎలుకల గుండెలు కోలుకున్నాయి. ఎలుకల్లో చూసినది మనుషుల్లోనూ అలాగే జరుగుతుందని నేను అనను. కానీ ఈ ఒక్క జబ్బులో యాంటీఆక్సిడెంట్లు మేలు చేస్తాయని అనుకోవడానికి ఆధారం లేదు, అనుమానించడానికి మాత్రం ఉంది. వైద్యురాలిని అడగకుండా ఏ మాత్రా మొదలుపెట్టకండి.

నదీతీరం | బుధవారం, ఉదయం 9:40

చదివాను. నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను. వేకువ గారూ, దయచేసి దాన్ని పట్టించుకోకండి.

సందేహి | బుధవారం, సాయంత్రం 5:50

శుక్లాన్ని చుక్కల మందుతో కరిగించవచ్చని ఆ మధ్య చదివాను. అది ఈ ప్రోటీన్‌కు సంబంధించిందేనా?

దీపశిఖ | బుధవారం, రాత్రి 8:30

నేత్ర వైద్య విభాగంలో పనిచేస్తున్నాను. దీనికి నేను జవాబిస్తాను.

2015లో రెండు పరిశోధనలు వెంటవెంటనే వచ్చాయి. ఒకదానిలో లానోస్టెరాల్ అనే పదార్థం కుక్కల కళ్లలో శుక్లాన్ని తగ్గించిందన్నారు. రెండోదానిలో దానికి దగ్గరి పదార్థం ఒకటి ఆల్ఫా క్రిస్టలిన్‌కే అంటుకుని దాన్ని నిలబెట్టిందనీ, ఎలుకల కటకాలు కొంత తేటపడ్డాయనీ చెప్పారు. చాపెరోన్‌కే చేయూత ఇవ్వాలన్న ఆ ఆలోచన నాకు చాలా నచ్చింది. కానీ తర్వాత ఇతరులు లానోస్టెరాల్‌ను మళ్లీ పరీక్షించినప్పుడు ఆ ఫలితం రాలేదు. ఇవాళ్టికి శుక్లానికి రుజువైన చికిత్స ఒక్కటే: మసకబారిన కటకం తీసి కృత్రిమ కటకం అమర్చడం. దానితో చూపు బాగా వస్తుంది. చుక్కల మందు మీద ఆశతో ఆపరేషన్‌ను ఏళ్ల తరబడి వాయిదా వేసుకున్నవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

వేకువ గారూ, అన్నయ్యగారి కళ్లను స్లిట్ ల్యాంప్ కింద పరీక్ష చేయించండి. సన్నని కాంతి చీలికను కటకం గుండా పంపి పొర తర్వాత పొర చూస్తారు. చూపు తగ్గకముందే ఉన్న చిన్న చిన్న మచ్చలు కూడా అందులో కనబడతాయి. మీరూ చేయించుకోండి, నొప్పి ఉండదు.

అడుగు | బుధవారం, రాత్రి 11:20

ఇంతసేపూ చదువుతూ ఉన్నాను. నాకున్నది డెస్మిన్ జన్యువులోనే మార్పు. అంటే వేకువ గారి అన్నయ్యకూ నాకూ జబ్బు ఒకే గూటిది. పదకొండేళ్లయింది. అనుభవం మీద నాలుగు మాటలు చెబుతాను.

గుండె బలం ఎంతుందో ఎకో చెబుతుంది గాని లయ తప్పుతోందో లేదో చెప్పదు. నాకు ఎకో బాగుందన్న ఏడాదిలోనే రాత్రిపూట గుండె ఆగి ఆగి కొట్టుకోవడం, రోజంతా గుండె లయను నమోదుచేసే హోల్టర్‌లో బయటపడింది. పేస్‌మేకర్ పెట్టారు, అందుకే ఇవాళ ఇది రాయగలుగుతున్నాను. మీ నాన్నగారు నిద్రలో పోయారన్నారు కాబట్టి ఆ సంగతి గుండె వైద్యులకు విడిగా, స్పష్టంగా చెప్పండి. ఏ ఆపరేషన్ అయినా, కంటి ఆపరేషన్ అయినా సరే, మత్తు ఇచ్చేవారికి ఈ జబ్బు పేరు ముందే చెప్పాలి. శ్వాస కండరాలను ఏడాదికోసారి పరీక్ష చేయించుకోవాలి, పడుకున్నప్పుడు ఊపిరి అందకపోతే ఇంకా ముందే.

ఇక మీ సంగతి. ఇది తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం ఉంటుంది. నాన్నగారికి ఉండి ఉంటే మీకూ అంతే. పరీక్ష చేయించుకోవాలా వద్దా అన్నది మీరే తేల్చుకోండి, ఎవరి ఒత్తిడికీ తలొగ్గకండి. ముందు జన్యు సలహాదారుతో మాట్లాడండి. మా చెల్లెలు చేయించుకోనంది. ఏటా గుండె పరీక్ష మాత్రం తప్పకుండా చేయించుకుంటుంది. ఆ నిర్ణయాన్ని నేను గౌరవిస్తున్నాను.

సందేహి | గురువారం, మధ్యాహ్నం 2:00

చివరి ప్రశ్న. మార్పు లేని మంచి ఆల్ఫా-బి క్రిస్టలిన్‌ను శరీరంలో పెంచగలిగితే అందరికీ మేలే కదా?

పరీక్షనాళిక | గురువారం, రాత్రి 10:15

ఎక్కడ పెంచుతామన్నదాన్ని బట్టి ఉంటుంది.

అలెగ్జాండర్ వ్యాధి అనే అరుదైన మెదడు జబ్బులో కణాల్లో పేరుకునే ముద్దల్లో ఇది పెద్ద మొత్తంలో ఉంటుంది. గడ్డకడుతున్న వేరే ప్రోటీన్‌ను అదుపు చేయాలని అక్కడికి చేరింది. ఎలుకల్లో దీన్ని ఇంకా పెంచితే అవి బతికి బట్టకట్టాయి. మల్టిపుల్ స్క్లిరోసిస్ సంగతి మరీ విచిత్రం. రోగ నిరోధక కణాలు నాడుల పొర మీద దాడి చేసేటప్పుడు గురిపెట్టేవాటిలో ఇదీ ఒకటని 1995లో అన్నారు. 2007లో అదే ప్రోటీన్‌ను ఎలుకలకు ఇస్తే అలాంటి జబ్బు తగ్గింది.

ఇక క్యాన్సర్. ఒత్తిడిలో ఉన్న కణం చనిపోకుండా ఆపడం కూడా దీని గుణమే. కణాన్ని చావు వైపు నడిపించే కాస్పేజ్-3 ఎంజైము చురుకుపడకుండా ఇది అడ్డుకుంటుంది. గుండె కణానికి అది ప్రాణదానం. రొమ్ము క్యాన్సర్లలో మొండివైన కొన్ని రకాల్లో ఇది ఎక్కువగా కనబడుతుంది, అక్కడ చావాల్సిన కణాన్ని బతికిస్తుంది. ఎవరిని పట్టుకున్నానో దానికి తెలియదు. అందుకే దీన్ని ఒంటినిండా పెంచే మందు అంటే నాకు భయం. కావలసిన కణజాలంలో మాత్రమే పెంచగలిగితే అప్పుడు ఒప్పుకుంటాను.

వేకువ | ఆదివారం, సాయంత్రం 6:45

ఆలస్యానికి క్షమించండి. ఈ నాలుగు రోజులూ ఆసుపత్రిలోనే గడిచాయి.

హోల్టర్ పెట్టారు. అడుగు గారు చెప్పినట్టే రాత్రిపూట లయ తప్పుతోంది, వచ్చే వారం గుండెకు పరికరం అమర్చుతారట. మీరు రాయకపోతే నేను అడిగేదాన్నే కాదు. కళ్లలో ఇద్దరికీ స్లిట్ ల్యాంప్ పరీక్ష అయింది. అన్నయ్య కటకాల్లో సన్నటి మచ్చలు ఉన్నాయి, చూపు మాత్రం ఇంకా బాగానే ఉంది. నా కటకాలు తేటగా ఉన్నాయన్నారు. అంతమాత్రాన జన్యువు లేదని కాదని కూడా వాళ్లే చెప్పారు. జన్యు సలహాదారుతో గంటసేపు మాట్లాడి రక్తం ఇచ్చాను. వదిన పిల్లల గురించి అడిగింది. మేనల్లుడికి పదిహేను, మేనకోడలికి పదకొండు. వాళ్లకు జన్యు పరీక్ష ఇప్పుడే వద్దు, గుండె పరీక్షలు మాత్రం మొదలుపెడదాం అన్నారు.

రాత్రి మంచం పక్కన కూర్చుని ఇక్కడి జవాబులన్నీ అన్నయ్యకు చదివి వినిపించాను. గాజు పాత్ర తెల్లబడే భాగం రెండుసార్లు చదవమన్నాడు. తర్వాత ఒక ప్రశ్న అడిగాడు, పరీక్షనాళిక గారిని అడగమన్నాడు: తన తొడ నుంచి తీసిన కండరంలో పరీక్షకు పోగా మిగిలిందేమైనా ఉంటే అది మీలాంటివారికి పనికొస్తుందా?

పరీక్షనాళిక | ఆదివారం, రాత్రి 7:20

వస్తుంది. ఎలుకల గుండెలూ పరీక్షనాళికలూ మా దగ్గర చాలానే ఉన్నాయి, ఈ మార్పు ఉన్న మనిషి కండరం దొరకడం మాత్రం చాలా అరుదు. నేరుగా ఎవరికీ ఇవ్వకండి. కండర పరీక్ష చేసిన వైద్యురాలినే అడగండి. నైతిక సంఘం అనుమతి ఉన్న పరిశోధనకు పేరు బయటపెట్టకుండా ఇచ్చే పద్ధతి ఉంటుంది, దానికి అంగీకార పత్రం ఉంటుంది. అన్నయ్యగారికి నా నమస్కారాలు చెప్పండి.

వేకువ | ఆదివారం, రాత్రి 9:05

చెప్పాను. రేపు ఉదయం వైద్యురాలు వచ్చేసరికి పత్రం అడిగి ఉంచమన్నాడు. పరికరం అమర్చకముందే సంతకం పెడతానంటున్నాడు.